మొదటి సవారీ

లంకల గాలిరేవులో ఆ ఉదయం మూడు తూనీగల మీదా పచ్చదీపాలు వెలుగుతున్నాయి. తూనీగలంటే నలుగురు పట్టే చిన్న విమానాలు. గోదావరి లంకల జనానికి ఇప్పుడు బస్సులూ పడవలూ అవే. వాటిని బాగుచేసేవాళ్ల చేతులకు నేర్పుతొడుగులుంటాయి. ఏ బోల్టు ఎంత బిగించాలో తొడుగే వేళ్లను నడిపిస్తుంది, పని పూర్తయితే విమానం మీద పచ్చదీపం వెలిగిస్తుంది. మనిషి మనసు ఎక్కడ తిరుగుతున్నా ఫర్వాలేదు.

అయినా పోయిన వారం సుభాన్ నడిపే తూనీగ పాయలో కూలింది, సుభాన్ పోయాడు. దాన్ని బాగుచేసింది బుల్లిరాజు. అతని తొడుగును పరీక్షించినవాళ్లు దోషమేమీ లేదన్నారు.

షెడ్డు పెద్ద హైమావతికి అప్పటినుంచి కంటిమీద కునుకు లేదు. ఇంకో పైలట్‌ను పోగొట్టుకునేది లేదని గట్టిగా అనుకుంది. తొడుగులు రాకముందు ఒక ఆనవాయితీ ఉండేది. విమానాన్ని ఎవరు బాగుచేస్తే వాళ్లే మొదటి సవారీలో పైలట్ పక్కన కూర్చోవాలి. తొడుగులొచ్చాక దండగని దాన్ని ఎత్తేశారు.

"ఈరోజు నుంచి మళ్లీ అదే పద్ధతి," అంది హైమావతి.

"దీపం వెలిగాక కూడా ఏంటండీ మేడంగారూ ఈ చాదస్తం?" అన్నాడు బుల్లిరాజు. "సరేలెండి, ముందు మీరెక్కండి. ఐజాక్‌ది పొద్దున్న మీరు చేసిందే కదా."

"ఎక్కుతాను."

పైలట్ ఐజాక్ జరిగి చోటిచ్చాడు. హైమావతి మెట్టుమీద కాలు పెట్టింది. రెండో కాలు లేవలేదు. తోకను తిప్పే కడ్డీ ఊడిపోకుండా చీల పెట్టిన క్షణాన్ని గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె సుభాన్ భార్యకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తోంది.

"దిగిపోతున్నారేంటండీ?" అన్నాడు ఐజాక్.

ఆమె తొడుగులు విప్పి, తోక మూత తెరిచి తడిమింది. చీల ఉండాల్సిన చోట ఉత్త కన్నం. చీల జారి కింద గాడిలో పడి ఉంది. వేళ్లు సరిగ్గా తిరిగాయి కాబట్టి తొడుగు లెక్కలో పని పూర్తయింది. కొద్దిలో తప్పింది, లేకపోతే ఐజాక్‌ను తన చేతులతోనే చంపేది.

చీల బిగించి, లాగి చూసి, వెళ్లి ఐజాక్ పక్కన కూర్చుంది.

"బుల్లిరాజూ, ఇక నీ వంతు. నువ్వు చేసినదాంట్లో ఎక్కు."

అతను కదల్లేదు. తన తొడుగుల వంకే చూస్తున్నాడు.

"మేడంగారూ," అన్నాడు, "ఆ రోజు సుభాన్‌ తూనీగకి నేను చీల పెట్టానంటారా?"