వర్జీనియా దొరగారి పుస్తకం

బర్మాలో, చౌక్తడా పేట కోర్టు మెట్ల మీద, పట్టపగలు, పాత పుస్తకాల బుల్లియ్య కూలిపోయాడు. గుండెపోటన్నారు జనం. గుంపులోంచి వంగి చూసిన కళ్ళజోళ్ళ కొట్టు సన్యాసికి మాత్రం అతని మెడ మీద సూది పోటు కనిపించింది.

పక్కనున్న లత పేటలో ఆ కొట్టు నడిపే సన్యాసి నిజానికి భారత గూఢచారి. బుల్లియ్య అతని ఇన్‌ఫార్మర్. ఒక విదేశీ ముఠా ఏ పుస్తకాన్ని కోడ్‌బుక్‌గా వాడుతోందో కనిపెట్టి, దాని కాపీ తెస్తూ చచ్చిపోయాడు. సన్యాసి ఆ పుస్తకం తీసుకుని జారుకున్నాడు. ముఠా సందేశాలన్నీ అంకెలే: పేజీ, లైను, మాట. పుస్తకంలో లేని పేర్లను అక్షరం అక్షరంగా కూర్చేవారు.

అది నథానియల్ కేర్‌వుడ్ జీవితచరిత్ర. అమెరికా విప్లవకాలంలో వర్జీనియా పొగాకు తోటల యజమాని, రాజకీయ నాయకుడు. ఆయన సభలో స్వేచ్ఛ గురించి మాట్లాడితే జనం కళ్ళు తుడుచుకునేవారట. ఇంటి దగ్గర రెండు వందల మంది బానిసలు. వాళ్ళలో హన్నా అనే ఆమె ప్రాణాలకు తెగించి, బ్రిటిష్ సైన్యం మధ్య నుంచి ఆయన రహస్య ఉత్తరాలు మోసింది. యుద్ధం అయిపోగానే విడిచిపెడతానని మాటిచ్చాడు. యుద్ధం అయిపోయింది. వచ్చే ఏడాది అన్నాడు. పదకొండేళ్ళు అలా అంటూనే పోయాడు.

ఆ పేజీ దగ్గర సన్యాసి చెయ్యి ఆగిపోయింది. సు సు గుర్తొచ్చింది. హోటల్లో పాటలు పాడే అందగత్తె. ముఠాలో ఉంటూ అతనికి సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్. తల్లి బర్మా, తండ్రి తెలుగు. ఈ ఒక్క మిషన్ అయితే పాస్‌పోర్టిచ్చి పంపేస్తానని మూడేళ్ళుగా చెబుతున్నాడు.

మూడో రోజు పొద్దున తాజా సందేశం చిక్కు విడిపోయింది.

"చిమిండైంగ్ రేవు. పది గంటలు. శాంతి చర్చలకు వచ్చేవాళ్ళ పడవ. బహుమతి మోసేది హన్నా. హన్నా తిరిగి రాదు."

హన్నా అంటే సు సు; ఆమె గుట్టు ముఠాకు తెలిసిపోయింది. ఆ బహుమతి బాంబని ఆమెకు తెలియదు. ఆమె ఫోన్ పలకలేదు. టైము తొమ్మిదీ నలభై.

చీఫ్ లక్ష్మీదుర్గకు ఫోన్ చేశాడు. పడవను ఆపిస్తానంది ఆవిడ. సు సును మాత్రం ఆపొద్దంది. రిమోట్ నొక్కేవాడు బయటపడాలంటే ఆమె చివరిదాకా నడవాలి.

"ఒక్క మనిషే కదా, సన్యాసీ."

అతను ఫోన్ కట్ చేసి టాక్సీ ఎక్కాడు.

రేవు చివర సు సు ఒక్కతే నిలబడి ఉంది, జడలో పువ్వు, చేతిలో వెండి పెట్టె. చేపల బుట్టల వెనక టోపీ పెట్టుకున్న టూరిస్టు ఒకడు జేబులో చెయ్యి పెట్టాడు. ముఠాలో సు సుకు తప్ప ఎవరికీ తెలుగు రాదు. సన్యాసి తెలుగులోనే కేకేశాడు.

"సూ, ఆ పెట్టి నీట్లోకి ఇసిరీ! పడుకో!"

ఆమె పెట్టె నదిలోకి విసిరేసి నేలకు కరుచుకుపోయింది. మరుక్షణం నది పైకి లేచి, ఇద్దరినీ తడిపి, కిందపడింది. టూరిస్టు జనంలో కలిసిపోయాడు. సన్యాసి మారువేషం ఆ ఒక్క కేకతో పోయింది.

మధ్యాహ్నం ఆమెకు పాస్‌పోర్టిచ్చాడు.

"రెండేళ్ళ కిందటే వచ్చింది. నా సొరుగులోనే ఉంచీసినాను."

సు సు దాని మీద తేదీ చూసింది. "ఏటి కో సన్యాసి," అంది, బర్మా పద్ధతిలో 'కో' అని, అన్నా అన్నట్టు పిలుస్తూ. పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుంది.

ఎయిర్‌పోర్టులో అధికారి పాస్‌పోర్టులోని పాత ఫొటోనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ఇంతలా చిక్కిపోయారేమని అడిగాడు.

మాట నిలబెట్టుకునే మనిషి దగ్గర పనిచేశానని చెప్పింది సు సు.