ఏడు సెకన్ల తలుపు

"అది పేలితే నువ్వుండవు. పేలకపోతే నువ్వక్కడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఎలా జరిగినా డిపార్ట్‌మెంట్‌కి మాట రాదు," అన్నాడు చీఫ్ చంద్రమౌళి, వైజాగ్ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని. ధైర్యం చెప్పడంలో ఆయనకి ఆయనే సాటి.

ఆ మాట విన్న మర్నాడు ఉదయం, అనకాపల్లి బైపాస్ పక్కన అల్లాబక్ష్ కార్ డెకార్ షాపులో, ఏజెంట్ సమద్ ఒక తెల్ల ఎస్‌యూవీ వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిలో జానెడు పొడవున్న నల్ల సిలిండర్. అది వచ్చిన అట్టపెట్టె మీద 'సాఫ్ట్ ఓపెన్ టెయిల్‌గేట్ డాంపర్' అని అందమైన అక్షరాలున్నాయి. సిలిండర్ నిండా ఉండాల్సిన ఆయిల్ సగమే ఉంది. మిగతా సగం ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్.

ఆ బండికి డిక్కీ తలుపు రెండు ముక్కలు. అద్దం పైకి లేస్తుంది. కింది రేకు తలుపు మాత్రం లాచ్ నొక్కగానే ధడేలున కిందికి పడుతుంది. బండి ఓనర్ ఎర్రయ్య క్యాటరింగ్ కాంట్రాక్టర్. రాజయ్యపేట దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న రాడార్ కేంద్రానికి రోజూ మధ్యాహ్న భోజనం పంపిస్తాడు. ఆ మధ్య తలుపు అదురుకి సాంబారు క్యారేజీ బోర్లాపడింది. సరిగ్గా ఆ వారమే ఒక కంపెనీ రిప్రజెంటేటివ్ వచ్చి, "తలుపు నెమ్మదిగా దిగేలా డాంపర్ ఇస్తాం, డెమో పీస్, ఉచితం సార్," అంది. ఉచితమంటే వద్దనే కాంట్రాక్టర్ ఇంకా పుట్టలేదు.

ఆ రిప్రజెంటేటివ్ పేరు మహేక్. ప్రస్తుతం షాపులో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, హైహీల్స్, చెవులకి గాజులంత రింగులు. ఆమెకి జీతమిచ్చేది 'మాస్టర్' అనే విదేశీ ముఠా నాయకుడు. ఏడాదిగా ఆమె మనవాళ్లకీ పని చేస్తోంది. లేదా మనవాళ్లకి పని చేస్తున్నట్టు మాస్టర్ కోసం నటిస్తోంది. ఈ రెండిట్లో ఏది నిజమో చీఫ్‌కే గ్యారంటీ లేదు.

బ్రీఫింగ్ అంతా సమద్ చెవుల్లో గింగురుమంటోంది.

"ట్రిగ్గర్ ఎలా సార్?"

"బండి కదిలిన పావుగంటకి ఆన్ అవుతుంది. ఆ తర్వాత తలుపు పూర్తిగా పరుచుకుంటే పేలుతుంది. సగం దిగాక వెనక్కి నెట్టినా పేలుతుంది. మహేక్ చెప్పింది."

"షాపులోనే మార్చేస్తే?"

"లోపల చిప్ ఉంది. మాస్టర్ ఫోన్‌లో అదొక పచ్చ చుక్క. డాంపర్ ఊడితే చుక్క ఎర్రబడుతుంది, వాడు పడవెక్కేస్తాడు. టోల్ గేట్ దగ్గర మన బాంబ్ స్క్వాడ్ ఉంటుంది. వాళ్లు డాంపర్ ఊడదీసే నిమిషానికే రాజయ్యపేటలో వాడి రొయ్యల గోడౌన్ మీద రెయిడ్. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. శుభ్రంగా బిగించి పంపించు."

సమద్ పాత స్టీలు కేబుల్ బోల్టు విప్పి, బ్రాకెట్ పెట్టి, కొత్త బోల్టు బిగించాడు. స్పానర్ రెండుసార్లు జారింది. మూడు నెలలుగా ఈ షాపులో ఎన్నో బళ్లకి ఎన్నో బిగించాడు, బాంబు బిగించడం మాత్రం ఇదే మొదలు. డాంపర్ చివరున్న గిన్నెను బ్రాకెట్ మీది ఉక్కు బంతి మీద పెట్టి అరచేత్తో నొక్కాడు. 'టక్' మంది. ఆ చప్పుడుకి అతని ప్రాణం ఒకసారి పోయి తిరిగొచ్చింది.

"టెస్ట్ చేసి చూపించరా?" అంది మహేక్ తియ్యగా.

ట్రిగ్గర్ ఇంకా ఆన్ కాలేదనడానికి ఆమె మాటే తప్ప వేరే ఆధారం లేదు. సమద్ బిస్మిల్లా అనుకుని లాచ్ నొక్కాడు. తలుపు తొందర లేకుండా, చప్పుడు లేకుండా ఏడు సెకన్లకి కిందికి పరుచుకుంది. బతికే ఉన్నానని నమ్మకం కుదరడానికి అతనికి ఇంకో ఏడు సెకన్లు పట్టింది. లోపల వరసగా పెట్టిన భోజనం క్యారేజీల నుంచి సాంబారు వాసన వేస్తోంది.

"ఏటి బావ, ఇది నిజంగా మన బండేనా!" అన్నాడు డ్రైవర్ అప్పలరాజు, నోరు తెరిచి. "ఇన్నాళ్లూ రెండు సేతుల్తోనూ పట్టుకుని దించేవోణ్ని. నడుం ఇరిగిపోయేది."

"ఇంకేటి భయం లేదు బావ," అన్నాడు సమద్. జీవితంలో అంత పెద్ద అబద్ధం అతను ఎప్పుడూ ఆడలేదు. వేషం బయటపడకూడదు కదా, అందుకని నవ్వాడు, బండి వీపు మీద చరిచాడు, తాళం చేతికిస్తూ నోటికొచ్చిన మాట కూడా అనేశాడు. మహేక్ అప్పటికే తన కారెక్కి హైవే వైపు వెళ్లిపోయింది. ఎస్‌యూవీ కూడా కదిలింది.

ఫోన్ మోగింది. చీఫ్.

"బెల్లం ఎంతవరకు వచ్చింది?"

"తీగపాకం సార్," అన్నాడు సమద్. అంతా ప్లాన్ ప్రకారమే అని దానర్థం. ముదురు పాకం అంటే కొంప మునిగిందని.

స్టూలు మీద కూలబడి మంచినీళ్లు తాగుతుంటే అల్లాబక్ష్ చాచా వచ్చి భుజం తట్టాడు. సమద్ నిజంగా ఆయన అన్నకొడుకే, ఢిల్లీలో ఉద్యోగం ఊడి తన పంచన చేరాడని మాత్రం ఆయన నమ్మకం.

"శభాష్ బేటా! మూడు నెల్లనించి సెప్తన్నాను, ఒక్క రోజూ అన్లేదు. ఇయ్యాల అన్నావు. ఇప్పుడు నువ్వు అసలైన అనకాపల్లి ఫిట్టరువి."

"ఏమన్నాను చాచా?"

"అదే, 'ముందు నూకాలమ్మ తల్లికి సూపించి అప్పుడు బయల్దేరు బావ' అన్నావు కదా. బండికి కొత్త సామాను ఎక్కిత్తే తల్లికి సూపించకుండా ఊరు దాటనివ్వకూడదు. మా నాన్న కాణ్నించీ మన షాపులో అదే మాట."

సమద్ చేతిలో గ్లాసు కింద పడింది.

అన్నాడు. నిజమే. తన నోటితో తనే అన్నాడు. నూకాలమ్మ గుడి ముందు బండికి పూజంటే ఏం చేస్తారో అనకాపల్లిలో పుట్టినవాడికి వేరే చెప్పాలా? బానెట్ ఎత్తుతారు. నాలుగు తలుపులూ బార్లా తీస్తారు. డిక్కీ కూడా తీస్తారు, పసుపు కుంకుమ లోపలికంటా తగలాలని. పైగా ఇది ఉగాది ముందు కొత్త అమావాస్యతో మొదలయ్యే జాతర నెల. గుడి ఉన్న గవరపాలెంలో ఇసకేస్తే రాలనంత జనం.

బాంబును రాడార్ కేంద్రానికి పంపింది మాస్టర్. గుడికి పంపింది సమద్.

అప్పలరాజుకి ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తడు. చాచా మోపెడ్ మీదకి దూకుతూనే చీఫ్‌కి చేశాడు.

"ముదురు పాకం సార్! బండి నూకాలమ్మ గుడికెళ్లింది."

"గుడికా? ఎవడు పంపాడు?"

సమద్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

పావుగంట ఎప్పుడో దాటిపోయింది. సందుల్లో బెల్లం దిమ్మల లారీ ఒకటి అడ్డంగా నిలబడితే మోపెడ్‌ని అక్కడే పడేసి పరిగెత్తాడు. తన మాట ఒక్కటి ఎంతమందిని మింగబోతోందో తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చే టైం లేదు.

గుడి ముందు రోడ్డు మీద బళ్ల వరస. మొదటిదే తెల్ల ఎస్‌యూవీ. బానెట్ లేచి ఉంది, నాలుగు తలుపులూ తీసి ఉన్నాయి. పూజారి పసుపు గిన్నెతో చుట్టూ తిరిగి వెనక్కొచ్చాడు. చుట్టూ డప్పులు, కొత్త చీరలు, భుజాల మీద పిల్లలు. బండి వెనకే గోనెపట్టా పరుచుకుని కొబ్బరికాయలమ్మే ముసలమ్మ కాసులమ్మ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న మనవరాలు.

"అందరూ సూడండి, సెయ్యి పెట్టను!" అని అప్పలరాజు లాచ్ నొక్కి, చేతులు కట్టుకుని గొప్పగా పక్కకి తప్పుకున్నాడు.

తలుపు దిగడం మొదలుపెట్టింది.

పాత తలుపైతే ఈపాటికి పడిపోయి అంతా అయిపోయేది. ఇది నిదానంగా దిగుతోంది. జనం ఫోన్లు తీసి వీడియో పడుతున్నారు.

"అమ్మమ్మమ్మ, కొత్త పెళ్లికూతురు తల దించినట్టు దిగతంది!" అంది కాసులమ్మ.

"ఆపండి! పట్టుకోండి!" సమద్ కేక డప్పుల్లో కలిసిపోయింది. ఎవర్ని తోశాడో, ఎవరి కాలు తొక్కాడో తెలియదు. తలుపు సగం దాటింది. ఇంకా దాటింది. దాని అంచు, నేల, మధ్యలో పిల్ల నిద్రమొహం, అంతే కనిపించాయి. కొబ్బరికాయల బుట్ట మీదుగా దూకి భుజం అడ్డం పెట్టాడు.

తలుపు ఆగింది. పూర్తిగా పరుచుకోవడానికి జానెడు దూరంలో ఆగింది.

"ఏటి బావ, ఏటి సేత్తన్నావు? ఫోటో పాడైపోయింది!" అన్నాడు అప్పలరాజు.

వెనక్కి నెట్టకూడదు. వదలకూడదు. బాంబని అరిస్తే తొక్కిసలాటలో బాంబు పని జనమే పూర్తిచేస్తారు. సమద్ అందరికీ వినిపించేలా అరిచాడు.

"డాంపర్ ఆయిల్ లీకైంది బావ! అది యాసిడ్ లాంటిది. గుడ్డ మీద చుక్క పడితే చిల్లే!"

ప్రాణాల మాట ఎత్తితే జనం ఇంకా దగ్గరికొచ్చేవారు. జాతరకి కట్టిన కొత్త చీరల మాట ఎత్తేసరికి ఒక్క ఊపులో రోడ్డు చివరికంటా ఖాళీ. కాసులమ్మ మనవరాల్ని చంకనేసుకుని, కాయలు వదిలేసి పరిగెత్తింది. పూజారి పంచె ఎగ్గట్టాడు. సమద్ అప్పలరాజుని కూడా మిగతా జనాన్ని ఆపమని పంపేశాడు.

భుజం తిమ్మిరెక్కింది. రెండో చేత్తో ఫోన్ తీసి చీఫ్‌కి చేశాడు. చెవిలో ఇయర్‌ఫోన్.

"స్క్వాడ్ బయల్దేరింది. ముప్పావుగంట పడుతుంది," అన్నాడు చీఫ్. "ఇంకో మాట. మహేక్ ఫోన్ స్విచాఫ్. ఆమె చెప్పిందేదీ నమ్మకు."

సరిగ్గా అప్పుడే ఖాళీ రోడ్డు మీద ఒక మనిషి నడిచొస్తూ కనిపించింది. నల్ల కళ్లద్దాలు, గాజులంత రింగులు, కాళ్లకి మాత్రం చెప్పుల్లేవు. గుడి కదా, విడిచొచ్చింది.

"పచ్చ చుక్క హైవే ఎక్కకుండా గవరపాలెం వచ్చింది. నువ్వేనా పంపింది?" అంది మహేక్.

"అలవాటు లేని మాట నోరు జారింది," అన్నాడు సమద్. "నీ ఫోన్ ఎందుకు ఆపావు?"

"మీ చీఫ్ వినకూడదని. చుక్క చూడ్డానికి మాస్టర్ ఇచ్చిన రెండో ఫోన్ ఆన్‌లోనే ఉంది." అది మోగింది కూడా. మహేక్ కళ్లద్దాలు తీసి స్పీకర్ ఆన్ చేసింది. అవతలివాడిది విదేశీ యాసలో ఇంగ్లీషు. బండి ఎందుకు ఆగిందని అడుగుతున్నాడు.

"పూజ సర్. కొత్త పార్ట్ బిగించారు కదా, దిష్టి తగలకుండా."

దిష్టి అంటే ఏమిటని అడిగాడు వాడు.

"వచ్చి చెప్తాను సర్. పది నిమిషాల్లో బయల్దేరుతుంది," అని పెట్టేసి, ఎడమ చెవి రింగు ఊడదీసింది. దాని కొక్కెం సాగదీస్తే నిటారుగా సన్నటి ఉక్కు సూది అయింది. "ఇది సేఫ్టీ పిన్. దీన్ని గుచ్చితే ట్రిగ్గర్ చస్తుంది, చిప్ బతికే ఉంటుంది."

"ఇన్నాళ్లూ ఈ సంగతి చెప్పలేదేం?"

"రెండు వైపులా పని చేసేవాళ్లకి పెన్షన్ ఉండదు సమద్. దాచుకున్నదే పెన్షన్."

సిలిండర్ మెడ దగ్గర రెండు రంధ్రాలున్నాయి.

"ఒకటి సేఫ్టీది," అందామె.

"రెండోది?"

"కాదు."

ఆమె మాస్టర్ మనిషైతే ఇదే ఆఖరి క్షణం. సమద్‌కి అమ్మ గుర్తొచ్చింది, చాచా శభాష్ గుర్తొచ్చింది. భయమేసింది. ఉద్యోగంలో చేరాక ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"కళ్లు మూసుకో," అంది మహేక్.

"ఎందుకు?"

"నాకూ భయంగానే ఉంది. నువ్వలా చూస్తుంటే చెయ్యి వణుకుతోంది."

ఆ మాటతో నమ్మాడు. కళ్లు మూసుకున్నాడు. సూది లోహానికి రాసుకున్న చప్పుడు. తర్వాత చిన్న 'టిక్'.

"ఇక వదిలెయ్."

భుజం తియ్యడానికి ధైర్యం చాలలేదు. మహేక్ అతని పక్కనే నేల మీద, కొబ్బరికాయల మధ్య కూర్చుంది. "నేనూ ఇక్కడే ఉన్నాను కదా," అంది.

సమద్ భుజం తీశాడు. తలుపు మిగిలిన జానెడూ మెత్తగా దిగి పరుచుకుంది. లోపల సాంబారు క్యారేజీ మూత కూడా కదల్లేదు. దూరంగా ఆగిన డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

డిక్కీ మూసి బండిని మళ్లీ హైవే ఎక్కించారు, వెనక్కి మళ్లిన స్క్వాడ్ టోల్ గేట్ దగ్గర డాంపర్ ఊడదీసింది. ఫోన్‌లో చుక్క ఎర్రబడే నిమిషానికి మాస్టర్ చేతులకి బేడీలు పడ్డాయి. దొరికినప్పుడు వాడు దిష్టి అంటే ఏమిటో ఫోన్‌లో వెతుకుతున్నాడట. రాడార్ కేంద్రంలో భోజనం కాస్త ఆలస్యమైందని మాత్రం ఎర్రయ్యకి ఫిర్యాదు వెళ్లింది.

సాయంత్రం అప్పలరాజు బండిని షాపుకి తెచ్చాడు. సమద్ ఈసారి నిండా ఆయిలే ఉన్న డాంపర్ బిగించాడు. తాళం ఇచ్చేటప్పుడు పెదాలు గట్టిగా బిగబట్టుకున్నాడు.

"ఏటి బావ, ఇప్పుడు సెప్పవేటి?" అన్నాడు అప్పలరాజు. "హైవే మీద లీకైతే నాను బతికేవోణ్నా? నూకాలమ్మ తల్లికి సూపించమన్నావు కాబట్టి సరిపోయింది గానీ, లేపోతే ఏటయ్యేదో!"