వాన లేని తడి

తెల్లవారి అయిదున్నరకు ఆఫీసు ముందున్న పచ్చిక మీద స్ప్రింక్లర్లు లేవాలి. ఆ శుక్రవారం కూడా లేవలేదు. పంపు గదిలో ముక్కాలిపీట మీద కూర్చున్న తోటమాలి పెద్దాయన గోడకున్న టైమరు పెట్టె వంక గుర్రుగా చూశాడు. ఎర్రదీపం వెలుగుతోంది. బయట వాన పడుతోందని దాని అర్థం.

బయట చినుకు రాలి యాభై రోజులు దాటింది.

"పడుతోందట వాన! గొడుగు తెచ్చుకో అమ్మాయ్," అన్నాడు.

అమ్మాయంటే ఆయన కోడలు. అదే ఆఫీసులో ముందు బల్ల దగ్గర పని. ఆయనకు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు. సెన్సరుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం చదివి పెట్టడానికి నాలుగు రోజులుగా పెందలాడే వస్తోంది.

సెన్సరంటే చూరు అంచున బిగించిన పిడికెడు డబ్బా. లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్ళలు. తడిస్తే అవి ఉబ్బి మీటను నొక్కుతాయి, నీళ్ళు ఆగిపోతాయి. ఆరితే సన్నబడి వదిలేస్తాయి. అంతే దాని తెలివి. పెద్దాయననొక మాట అడక్కుండా పోయిన వానాకాలం దాన్ని తగిలించినవాడు కరెంటు మేస్త్రి. అంతకు పదకొండేళ్ళ ముందు, అలాగే అడక్కుండా, పచ్చిక నడిమధ్య కేబులు కోసం గొయ్యి తవ్వాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మేస్త్రి పోతే పెద్దాయన చూడ్డానిక్కూడా వెళ్ళలేదు.

ఇప్పుడా గడ్డి గోధుమరంగుకు తిరిగింది. సోమవారానికి పచ్చబడకపోతే పీకించి ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తానని మేనేజరమ్మ తేల్చి చెప్పింది. ఇరవై రెండేళ్ళ కిందట ముంగాళ్ళ మీద కూర్చుని ఒక్కో వేరూ చేత్తో నాటిన గడ్డి అది. ప్లాస్టిక్ అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండిపోతోంది.

"స్ప్రింక్లరు నీళ్ళు సెన్సరు మీద పడుతున్నాయేమో చూడాలట," మొదటి రోజు కోడలు చదివింది.

"అవి లేస్తే కదా పడ్డానికి! తర్వాత?"

"పక్కనున్న గాలి కంతలు ఇంకాస్త తెరిస్తే తొందరగా ఆరుతుందట."

తెరిచాడు. ఆరలేదు. మంచు పడుతోందేమోనని డబ్బా మీద మూకుడు బోర్లించాడు. మూకుడు లోపలంతా పొడి. దాని కింద బిళ్ళలు తడి. గురువారం బిళ్ళలు ఊడబీకి, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, గలగలలాడేదాకా ఆరనిచ్చి జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున లేచేసరికి చొక్కా జేబు తడిసి ముద్దయింది.

ఆ మాట కోడలికి చెప్పలేదు. బిళ్ళలు ఆమె చేతికిచ్చి, నిచ్చెనెక్కి ఖాళీ డబ్బాలోకి చూశాడు. మీట కిందికి నొక్కుకుని ఉంది... ఎవరో వేలు పెట్టి అదిమినట్టు. తన వేలితో పైకి నెట్టాడు. మళ్ళీ దిగింది. నెమ్మదిగా. బతిమాలుతున్నట్టు. వేలు వెనక్కి తీసుకుంటే కొస ముడతలు పడి ఉంది, గంటల తరబడి నీళ్ళల్లో నానినట్టు.

"ఆఖరిదొకటి ఉంది మామయ్యా. పెట్టెకున్న స్విచ్చి పక్కకు జరిపితే సెన్సరు మాట వినకుండా నీళ్ళు వదులుతుందట."

ఆ స్విచ్చి చుట్టూ నల్లటేపు. ఏడెనిమిది పొరలు, గట్టిగా, చివర మడత పెట్టి. అలా మడత పెట్టేవాడు మేస్త్రి ఒక్కడే.

"చనిపోయే ముందురోజు సాయంత్రం చుట్టాడు," కోడలు గొంతు తగ్గింది. "పచ్చిక చివర ఆ మూల తడవకూడదన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. మర్నాడు ఆ మూలలోనే... బోర్లా... అంత కుండపోతలో పడి ఉన్నాడు కదా, ఒంటిమీద చొక్కా పొడిగా ఉందట మామయ్యా. ఎత్తినవాళ్ళే చెప్పారు."

"చచ్చి ఏడాది కావస్తున్నా నా గడ్డి మీద పెత్తనమా వీడికి?"

"వద్దు మామయ్యా."

"నువ్వుండు."

టేపు పళ్ళతో కొరికి లాగేశాడు. స్విచ్చి జరిపాడు.

మట్టి కింద గొట్టాలు గురగురమన్నాయి. స్ప్రింక్లర్లు వరసగా లేచాయి. తడిమట్టి వాసన. పెద్దాయన ఛాతీ విరుచుకుని గడప దాటాడు.

ఆ మూల మీద చిమ్మే నీళ్ళు మాత్రం కింద పడడం లేదు.

గాలిలోకి లేచి, వంగి, మోకాలెత్తులో ఒకచోటికి చేరి... లేకుండా పోతున్నాయి. అవతల చుక్క లేదు. గుటక చప్పుడు. మళ్ళీ గుటక. మెల్లగా పక్క స్ప్రింక్లరు ధార కూడా అటే వంగింది.

మేస్త్రి ఆరడుగుల మనిషి. ఇది మోకాలెత్తు.

ఇన్నాళ్ళూ వాడు అడ్డుపడింది తనకు కాదేమో, దీనికేమో... అన్న ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే తరిమేశాడు. పన్నెండేళ్ళ కోపం ఒక్క పొద్దులో దిగదు.

"మామయ్యా..." వెనక కోడలు గుసగుస. "మీరిచ్చిన బిళ్ళలు... నా చేతిలో ఆరిపోయాయి. ఇప్పుడే. కట్టేయండి."

"కట్టను."

"దణ్ణం పెడతాను..."

"తాగనీ. ఎంత తాగుతుందో నేనూ చూస్తా. అది తాగగా మిగిలింది నా గడ్డికి."

గుటకలు ఆగాయి. అటువైపు నుంచి ఏదో తనకేసి తిరిగినట్టు అనిపించింది. ఆయన చూపు తిప్పుకోలేదు. గంట సేపు అక్కడే నిలబడ్డాడు.

శని, ఆదివారాలూ వదిలాడు. సోమవారం పచ్చిక నిగనిగలాడింది. మేనేజరమ్మ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, "ప్లాస్టిక్ వద్దులే తాతా, గెలిచావు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నడుస్తున్నప్పుడు ఒక్క పరకా కదల్లేదు.

పెద్దాయన అడుగుపెట్టాడు.

గాలి లేదు. పచ్చికలోని పరకలన్నీ ఆయన వైపు వాలాయి. ఎడమకు జరిగాడు. ఎడమకు వాలాయి.

"ఇటు వచ్చేయండి," వరండాలోంచి కోడలు పిలిచింది.

"ఎందుకొస్తాను? నాటింది నేను."

చెప్పులు విడిచి కుడిపాదం గడ్డిలో ఆనించాడు. చల్లగా ఉంది. కాసేపటికి ఎత్తబోయాడు.

రాలేదు.

పళ్ళు బిగించి లాగితే వచ్చింది. ఆయన బరువు కింద నలిగి ఉండాల్సిన చోట గడ్డి, అచ్చం పాదం ఆకారంలో, చుట్టూ ఉన్నదానికంటే బెత్తెడు ఎత్తు పెరిగి ఉంది.

పెద్దాయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ పాదం కూడా పెట్టాడు.