జాగ్రత్త! పెట్టెలో పాములున్నాయి

"మన మనిషి నదిలో తేలాడు," అన్నాడు పెద్దాయన, ఫైలు బల్ల మీద పడేస్తూ.

బాబాయ్ ఫైలు ముట్టుకోలేదు. దాని కింద ఇరుక్కుపోయిన తన రాజీనామా కాగితం వైపే చూస్తున్నాడు. పొద్దున్నే ఇచ్చాడు దాన్ని. మోకాళ్ళ నొప్పులు, పట్టని నిద్ర, అంటించుకునీ పీక్కునీ మంటెక్కిన దొంగ మీసాల పెదవి, అన్నీ విడమరిచి రాశాడు. పెద్దాయన చదివినట్టు లేదు.

"ప్రమాదమా?"

"ప్రమాదంలో ఎవరికీ వీపులో బుల్లెట్ దిగదు."

ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి చీఫ్ దాకా అందరికీ అతను బాబాయే. తలకి రంగు వేసుకోవడం మానేసిన రోజున ఎవరో కొత్త కుర్రాడు అలా పిలిచాడు. జిగురులా అతుక్కుపోయింది. అసలు పేరు ఇప్పుడు జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా లేదు.

"విను. విదేశం. రెయిన్ ఫారెస్ట్ మధ్యలో ఒక వైల్డ్‌లైఫ్ రీసెర్చ్ స్టేషన్. అక్కణ్ణించి మన దేశానికి పెట్టెలొస్తున్నాయి. పైన 'జాగ్రత్త, విషసర్పాలు' అని రాసి ఉంటుంది. ఏ కస్టమ్స్ వాడు మూత తీస్తాడు చెప్పు?"

"తీస్తే?"

"పైన ఒక పాము. అడుగున దొంగ అర. అరలో డిటొనేటర్లు. ఓ విదేశీ ముఠా పని. ఈసారి సరుకు చాలా పెద్దదట. అది విమానం ఎక్కకూడదు."

"కుర్రాళ్ళున్నారుగా సార్. ఈ వయసులో నేను అడవిలో ఏం చేస్తాను?"

"ఇంటర్న్‌షిప్."

బాబాయ్ నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

"బ్యాంకు ఉద్యోగం వదిలేశావు. నడివయసులో జంతువుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అలాంటి పిచ్చోళ్ళు ప్రతి దేశంలోనూ ఉంటారు, ఎవడికీ అనుమానం రాదు. పైగా..." ఫైలు తెరిచి వేలు పెట్టాడు. "నీ నీస్ అక్కడే ఇంటర్న్‌గా చేస్తోందట."

బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. అడవిలో పక్షుల మీద పని చేస్తున్నానని అక్క కూతురు పిచ్చుక చెప్పింది గానీ, ఆ అడవి ఈ అడవని అతనికేం తెలుసు? ఫైలు లాక్కుని చూశాడు. తన ఇంటి గుట్టంతా ఇంగ్లీషులో టైపు చేసి ఉంది.

"ఈ ఆఫీసులో మనమంతా తెలుగులోనే తిట్టుకుంటాం. ఫైళ్ళు మాత్రం ఇంగ్లీషులో ఏడుస్తాయి. తెలుగులో రాస్తే ఎవరి సొమ్ము పోతుంది సార్?"

ప్రతి ఫైలుకీ అడిగే ప్రశ్నే అది. పెద్దాయన ఎప్పట్లాగే వినపడనట్టు గడియారం చూసుకున్నాడు. "ఈ ఒక్కటి చేసిపెట్టు. వచ్చాక నీ కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెడతా."

విమానం ఎక్కేముందు అక్క ఫోన్ చేసింది. అక్క దృష్టిలో అతను గిడ్డంగుల ఇన్‌స్పెక్టర్. "అటువైపే ఏదో తనిఖీకి వెళ్తున్నావుగా, దాన్ని నీతోపాటు వెనక్కి తీసుకురారా. నువ్వేం చేస్తావో నాకు తెలీదు," అంది. "తీసుకొస్తానక్కా," అన్నాడు. నదిలో తేలిన మనిషి గురించి ఆమెకి చెప్పలేదు. చెప్పుంటే అతనికంటే ముందు అక్కే విమానం ఎక్కేది.

* * *

అడవి అంటే పచ్చదనం అనుకునేవాళ్ళు ఎప్పుడూ అందులో సాక్సులు ఆరేసుకోలేదన్నమాట. అక్కడ ఏదీ ఆరదు. చొక్కా ఆరదు, పరుపు ఆరదు, కాలి వేళ్ళ మధ్య చర్మం ఆరదు. ఆఫీసు వాళ్ళు ఎంతో గర్వంగా ఇచ్చిన పెన్ కెమెరా లెన్స్‌కి బూజు పట్టింది. చేతి గడియారంలో దాచిన ట్రాన్స్‌మీటర్ మొదటి వాగులోనే ప్రాణం వదిలింది. మొత్తం సరంజామాలో పనికొచ్చింది ఉప్పు మూట ఒక్కటే, అదీ జలగల మీద చల్లుకోవడానికి.

పనా, ఊపిరి సలపనిది. తెల్లారకముందే బురద బాటలు పట్టుకుని పోవాలి. చెట్లకి కట్టిన కెమెరాల్లో బ్యాటరీలు మార్చాలి. మధ్యాహ్నం కూర్చుని అవి తీసిన ఫోటోలన్నీ చూడాలి. నూటికి తొంభై గాలికి ఊగిన ఆకులు. మిగతావి బ్యాటరీలు మార్చడానికొచ్చిన బాబాయ్ మొహం. తోటి ఇంటర్న్‌లు పాతికేళ్ళు దాటనివాళ్ళు. అతను వాగు దాటుతుంటే పాపం అని చెయ్యి అందించేవారు. ఒకప్పుడు కదిలే రైలు మీంచి దూకినవాడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

బాబాయ్ ముందే చెప్పిపెట్టడంతో పిచ్చుక అందరి ముందూ అతని ముక్కూ మొహం తెలియనట్టే ఉండేది. ముక్కున చెమట, మోకాలిదాకా బురద, మెడలో బైనాక్యులర్స్. పెద్ద మాను తొర్రలో ఉన్న హార్న్‌బిల్ పక్షి గూడు దగ్గర ఆమె డ్యూటీ. బాటలో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం నోరు ఆగేది కాదు.

"మావయ్యా, నువ్వు నిజంగా గిడ్డంగులే చూస్తావా?"

"ఆ. ఎందుకూ?"

"ఎవరైనా వెనక నడిస్తే చాలు, నీ చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి."

"ఎలకలు ఎక్కువ మా గిడ్డంగుల్లో," అన్నాడు. "అది సరే, ఇంటికెళ్ళిపోదాం పదవే. మీ అమ్మ నా ప్రాణం తీస్తోంది."

"గూట్లో పిల్లలు ఎగిరేదాకా కాలు కదపను."

అక్క మొండితనమూ తన మొండితనమూ కలిపి పోత పోసినట్టుంది పిల్ల. జంతువుల మెడకి కట్టే రేడియో ట్యాగ్ ఒకటి చొక్కా లోపలి జేబులో వేసుకుని తిరిగేది.

"అదెందుకే? తప్పిపోతాననా?"

"నేను కాదు మావయ్యా, నువ్వు. తప్పిపోయావనుకో, సంచీలోంచి రిసీవర్ తియ్యి, యాంటెన్నా తిప్పు. బీప్ ఎటు గట్టిగా వినిపిస్తే అటు నేనుంటాను. వచ్చెయ్."

* * *

సీతాకోక వాన మధ్యలో దిగింది. సీతాకోక అనేది కోడ్ నేమ్. వేషం పత్రిక ఫోటోగ్రాఫర్. పడవ దిగిన మనిషి జుట్టు కూడా చెదరలేదు, పెదవుల రంగు ఇంత కూడా చెరగలేదు. కుర్ర ఇంటర్న్‌లు ఆమె కెమెరా సంచులు మోయడానికి ఒకరినొకరు తోసుకున్నారు.

భోజనాల షెడ్డులో ఆమె అతని పక్కన కూర్చుని మెల్లగా అంది. "ఈ వాన ఎప్పుడాగుతుందండీ?"

"ఆగితే దీన్ని అడవని ఎందుకంటారు?" అన్నాడు బాబాయ్. కోడ్ సరిపోయింది.

"పెద్దాయన పంపారు. నీ ఫైలు మొత్తం చదివాను బాబాయ్. ఇకనుంచి సగం బరువు నాది. రేవు నేను చూసుకుంటా. నువ్వు పాముల షెడ్డు చూడు."

పోనీలే, తోడు దొరికింది అనుకున్నాడు. ఆ షెడ్డులో వారం పైగా వెతికాడు. పాములు తప్ప ఏమీ దొరకలేదు.

ఆ రోజు మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. బాబాయ్ షెడ్డులో ఉండగా స్టేషన్ వాళ్ళు ప్రతి ఇంటర్న్‌కీ ఇచ్చిన శాటిలైట్ మెసెంజర్ నడుము దగ్గర గుయ్‌మంది. పిచ్చుక నంబరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"బాబాయ్, పెద్ద మాను దగ్గర పడిపోయాను. కాలు విరిగింది. ఎవరికీ చెప్పకు. నువ్వొక్కడివే రా."

అతని కాళ్ళకి ఎక్కడి బలం వచ్చిందో! బురదలో పడి, లేచి, వేళ్ళకి తట్టుకుని మళ్ళీ పడి పరిగెత్తాడు. అక్కకి ఏం చెప్పాలి? ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కాలి? వాగు దాటేసరికి ఊపిరి అందలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి వంగాడు. ఎందుకో మెసేజ్ మళ్ళీ చదివాడు.

బాబాయ్.

ఆ పిల్ల అతన్ని ఎప్పుడు బాబాయ్ అంది? మాటలు రాని రోజుల్లో మామ్మామ్మా అంది, వచ్చాక మావయ్యా అంది. అక్క కూతురు మేనమామని బాబాయ్ అని ఎందుకు పిలుస్తుంది? కాలు విరిగినా పిలవదు, ప్రాణం పోతున్నా పిలవదు. తనని బాబాయ్ అనేది ఆఫీసు వాళ్ళు. ఈ అడవిలో ఉన్న ఆఫీసు మనిషి ఒక్కతే.

ఫైల్లో ఏముంది? నీస్. అంతే. అన్న కూతురో, అక్క కూతురో, ఆ ఇంగ్లీషు ముక్క చెప్పదు. ఆఫీసంతా బాబాయ్ అంటోంది కదా, ఇంట్లోనూ అదే అనుకుంది సీతాకోక.

అంటే పిచ్చుక మెసెంజర్ ఆమె చేతిలో ఉంది. మరి పిచ్చుక? బాబాయ్ సంచీలోంచి రిసీవర్ తీశాడు. యాంటెన్నా పెద్ద మాను వైపు తిప్పాడు. గరగర తప్ప ఏమీ లేదు. నది వైపు తిప్పాడు.

బీప్. బీప్. బీప్.

"బంగారు తల్లీ," అన్నాడు పైకే. కళ్ళు తుడుచుకుని రేవు వైపు తిరిగాడు.

* * *

రేవులో నీటి మీద దిగే చిన్న విమానం సిద్ధంగా ఉంది. ప్రొపెల్లర్ తిరుగుతోంది. 'జాగ్రత్త, విషసర్పాలు' పెట్టెలు లోపలికి ఎక్కించేశారు. పొడుగాటి పెట్టె ఒక్కటి ఇంకా చెక్కల మీదే ఉంది. దాని పక్కన సీతాకోక. చేతిలో కెమెరా లేదు, పిస్టల్ ఉంది.

బాబాయ్ రిసీవర్ శబ్దం తగ్గించి చెవికి ఆనించాడు. ఆ పెట్టె వైపు తిప్పగానే బీప్‌లు ఒకదానిమీదొకటి పడిపోయాయి. రిసీవర్ పొదలో పెట్టి, చేతులు పైకెత్తి, నడుచుకుంటూ వెళ్ళాడు. చేతిలో ఆయుధం లేనివాడు చేయగలిగిందీ అంతే.

సీతాకోక నిజంగానే ఉలిక్కిపడింది. "బాబాయ్! నువ్విక్కడ..."

"పెద్ద మాను దగ్గర మీవాడు తుపాకీ పట్టుకుని కూర్చున్నాడేమో, పాపం. తడుస్తుంటాడు."

"ఎలా తెలిసింది?"

"చెప్తా. ముందు కాస్త కూర్చోనీ తల్లీ. పరిగెత్తి పరిగెత్తి మోకాళ్ళు పట్టేశాయి."

ఆమె కాదనేలోపే పెట్టె మీద చతికిలబడ్డాడు. ఇందులో నటన ఏమీ లేదు, నిజంగానే కాళ్ళు నిలవడం లేదు. ఎడం చెయ్యి మాత్రం వీపు వెనక గడియ కోసం తడుముతోంది.

"ఆ పిల్లనెందుకు పెట్టెలో పెట్టావు?"

"దొంగ అర సర్దుతుంటే చూసింది. జంతువులకిచ్చే మత్తు కొంచెం ఇచ్చా, అంతే. పైనుంచి ఒక సంచీలో పాము, చూసేవాళ్ళ కోసం." ఆమె భుజాలెగరేసింది. "నాకు నీమీద కోపం లేదు బాబాయ్. జీతం ఎక్కడ బాగుంటే అక్కడ పని. ఇప్పుడు చెప్పు, ఎలా తెలిసింది?"

"అది మా అక్క కూతురు."

"అయితే?"

"అయితే నేను దానికి మావయ్యని."

సీతాకోక పిస్టల్ కాస్త దిగింది. "ఫైల్లో నీస్ అని..."

"ఆ. నీస్."

గడియ జారింది. అతని కింద చెక్క ఒక్కసారి మెల్లగా కదిలింది. లోపల మనిషి మెలకువగానే ఉంది.

"లే," అంది సీతాకోక, పిస్టల్ అతని గుండెకి గురిపెట్టి. "పక్కకి నిలబడు. పెట్టెకి రక్తం అంటకూడదు."

అబ్బా అంటూ, నడుం పట్టుకుని, ముసలివాడిలా లేచాడు. రెండడుగులు పక్కకి వేశాడు. ఆమె వేలు బిగుసుకుంది.

మూత ఫట్‌మని తెరుచుకుంది. "మావయ్యా! వంగో!"

ఆ గొంతుకి అతను మారు ఆలోచించలేదు. వంగాడు. బుల్లెట్ నెత్తి మీంచి పోయింది. పిచ్చుక విసిరిన పాము గాలిలో మెలితిరిగి సీతాకోక మెడ మీద పడింది. అంత పకడ్బందీ మనిషీ పిస్టల్ వదిలేసి కెవ్వుమంది. జుట్టు మొదటిసారి చెదిరింది.

"పాములు! పాములు బయటికొచ్చాయి!" విమానం వైపు తిరిగి బాబాయ్ ఇంగ్లీషులో అరిచాడు.

తుపాకీ పేలిన చప్పుడుకి బెదిరి విమానం అప్పటికే రేవు వదిలి జరుగుతోంది. పైలట్ వెనక్కి చూశాడు. రేవులో ఒకామె మెడలో పాము. తన సీటు వెనక, అలాంటి పెట్టెల వరస. అతనికి ఎవరూ డిటొనేటర్ల సంగతి చెప్పలేదు, పెట్టె మీద రాసిందే నమ్మాడు. టక్కున ఇంజిన్ కట్టేసి నదిలోకి దూకాడు. దిక్కులేని విమానం మెల్లగా వచ్చి బురదలో ముక్కు పెట్టింది.

"అది కాటెయ్యదు మేడమ్, అరవకండి," అంటోంది పిచ్చుక, తాళ్ళ గుర్తులు పడ్డ చేతులతో పామును జాగ్రత్తగా విడదీస్తూ. "మీరు అరిస్తే అది భయపడుతుంది."

పిస్టల్ తీసుకుని బాబాయ్ చెక్కల మీద కూలబడ్డాడు. పిల్లని దగ్గరికి లాక్కుని ఏడ్చాడు. ఏజెంట్లు ఏడవకూడదని రూలుంది. రూలు రాసినవాడికి మేనకోడలు ఉండి ఉండదు.

"గిడ్డంగులన్నావు?" అంది పిచ్చుక.

"ఎలకలు ఎక్కువని చెప్పానుగా."

* * *

సాయంత్రం స్టేషన్ ఫోన్లో పెద్దాయన గొంతు ఉత్సాహంగా ఉంది. సీతాకోక స్టోర్ గదిలో ఉంది, పెద్ద మాను దగ్గర తడుస్తున్నవాణ్ణి గార్డులు పట్టుకొచ్చారు, పెట్టెలు సీలయ్యాయి. పిచ్చుక గూడు దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్లలు ఎగిరేదాకా రానంది. బాబాయ్ కూడా అప్పటిదాకా ఇక్కడే. ఒక్కడే తిరిగెళ్ళి అక్కకి ఎదురుపడే ధైర్యం అతనికి లేదు.

"నీ కాగితం మీద సంతకం పెట్టేశానయ్యా. ఒక్కటి చెప్పు, ఆవిణ్ణి ఎలా కనిపెట్టావు?"

బాబాయ్ చెప్పాడు.

"సరే, ఒప్పుకున్నా. ఇకనుంచి ఫైళ్ళు తెలుగులోనే రాయిస్తాను. ఇన్నేళ్ళుగా నువ్వు మొత్తుకుంటున్నది అదేగా?"

"అమ్మో, అంత పని చెయ్యకండి సార్," అన్నాడు బాబాయ్ తడి సాక్సు పిండుకుంటూ. "తెలుగులో రాసుంటే 'మేనకోడలు' అని ఉండేది. ఆవిడ 'మావయ్యా' అని పిలిచేది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి చచ్చేవాణ్ణి. ఇంగ్లీషులోనే ఏడవనివ్వండి."