తెర మీది తాబేలు

తెర మీద తాబేలు పోయిన మర్నాడు పొద్దున అత్తగారు ఎప్పటిలాగే టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఆ గదిలో సగం ఎంబ్రాయిడరీ మిషనుది, మిగతా సగం దారపు కండెలది. కిటికీ పక్కన కంప్యూటరు, దాన్నుంచి మిషనుకి ఒక వైరు. ఇక్కడ డిజైను తెరిచి అటు పంపితే మిషను తన మానాన తాను కుట్టుకుపోతుంది. ఆసుపత్రి నర్సుల కోట్లకి జేబు బ్యాడ్జీలు సాయంత్రానికల్లా అందించాలి. గుడ్డ ఫ్రేములో బిగించి సిద్ధంగా ఉంది. కోడలు తెల్లదారం కోసం బజారుకి వెళ్ళింది.

అత్తగారు మీట నొక్కింది. తెర మీద నీలంగా ఏవో కొండలు కనిపించాయి. వాటి కింద చిన్న చిన్న గుర్తులు, అన్నీ ఒకే సైజులో, యూనిఫాం వేసుకుని నిలబడ్డట్టు. చిలక లేదు. ఏనుగు లేదు, చీమ లేదు. తాబేలు ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది.

ఈ మార్పు గురించి ఇంట్లో కొన్నాళ్ళుగా నలుగుతూనే ఉంది. కంప్యూటరు ఆన్ చేయగానే ఒక పెట్టె తెరకి అడ్డంగా వచ్చి నిలబడేది. అదేమిటని అడిగితే, ఈ పాత సిస్టమ్‌కి ఇక కాపలా ఉండదట, కొత్తదానికి మారమంటోంది అని కోడలు చెప్పింది. గుమ్మంలోకొచ్చి సబ్బులమ్మేవాణ్ణి పంపించినట్టు అత్తగారు రోజూ దాన్ని పంపించేసేది. మర్నాటికి అది మళ్ళీ హాజరు.

కోడలి బాధ వేరు. ఆసుపత్రి వాళ్ళు పంపే కొత్త ఫైళ్ళు పాత సిస్టమ్‌లో తెరుచుకునేవి కావు. ప్రతిసారీ ఫోన్ చేసి, కాస్త పాత పద్ధతిలో పంపండని బతిమాలుకోవాలి. మొన్న అక్కడి గుమాస్తా విసుక్కుని, పక్కవీధిలో ఇంకో దుకాణం ఉందని గుర్తుచేశాడు. భర్త పోయాక ఆఫీసులో లెక్కల ఉద్యోగం మానేసి, ఫోన్లూ ఆర్డర్లూ చూసుకోవడానికి అతని కుర్చీలో కూర్చుంది ఆ అమ్మాయి. ఆ కుర్చీని నిలబెట్టుకోవాలన్న పట్టుదలతో ఉంది. అత్తగారేమో చూద్దాంలే అనేది, ఈ ఆర్డరు అవనీ అనేది. కోడలికి లోపల ఉడికిపోయేది, పైకి అనేది కాదు.

చివరికి ఒకరోజు భోజనాల దగ్గర అత్తగారే దిగొచ్చింది.

"ఏదీ పోకుండా ఉంటుందంటే మార్పించు."

"ఏదీ పోదత్తయ్యా," అంది కోడలు.

ఆ 'ఏదీ'లో ఏమేమి ఉన్నాయో ఒకరికొకరు చెప్పుకోలేదు. నిన్న మధ్యాహ్నం అత్తగారు కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడు మెకానిక్కు వచ్చి పని ముగించుకుని వెళ్ళాడు.

ఆ బొమ్మలు కొడుకు వేసినవి. మిషను కొన్న కొత్తలో, ఇక్కడ నొక్కమ్మా, అక్కడ నొక్కమ్మా అని నేర్పబోయి, తల్లి చూపు ఇంగ్లీషు అక్షరాల మీద నిలవడం లేదని కనిపెట్టాడు. మర్నాటికల్లా తెరంతా జంతువులు. చిలకని నొక్కితే డిజైన్లు మార్చుకునే చోటు. ఏనుగు పెద్ద డిజైన్లకి, చీమ చిన్నవాటికి. డిజైను మిషనుకి చేరడానికి చాలాసేపు పడుతోందని తల్లి సణిగిందని, దానికి తాబేలు పెట్టాడు. అన్నిటికీ కింద, పని అయ్యాక కంప్యూటరు ఆపడానికి, తల దగ్గర్నుంచి కాళ్ళ దాకా ముసుగుతన్ని పడుకున్న మనిషి. అది తన మీద తనే వేసుకున్న జోకు. ఎంత ఉక్కపోతలోనైనా వాడు అలాగే పడుకునేవాడు. ముసుగు తియ్యరా, ఊపిరాడదు అని ఆవిడ రోజూ తిట్టేది. ఆసుపత్రిలో చివరిసారి ఆ ముసుగు తీసింది కూడా ఆవిడే.

అత్తగారు కొత్త కళ్ళజోడు సర్దుకుని ఒక గుర్తు మీద నొక్కింది. ఎక్కడో వాన పడుతోందని బొమ్మ వచ్చింది. దాన్ని మూసి ఇంకోటి నొక్కితే ఎవరో తీసిన సముద్రం ఫొటో. మూడోది నొక్కితే ఒక పెట్టె వచ్చి ఏదో అడిగింది. కింద రెండు మీటలు, రెండిటి మీదా ఇంగ్లీషే. ఒకటి నొక్కింది. అదే పెట్టె మళ్ళీ వచ్చింది. రెండోది నొక్కినా అదే.

"నీకేం కావాలో తెలుగులో చెప్పి చావొచ్చుగా," అంది తెరతో.

టీ చల్లారి మీగడ కట్టింది. మిషను సూది గుడ్డకి బెత్తెడు ఎత్తులో ఆగి ఉంది. ఇన్నాళ్ళూ ఆ మిషను తన మాట వింటుందని ఆవిడకో ధీమా. అది విన్నది తన మాట కాదని ఇప్పుడు తెలిసొచ్చింది.

కోడలు దారం సంచితో లోపలికి వస్తూనే గుమ్మంలో ఆగింది. మిషను చప్పుడు లేదు.

"ఇంకా మొదలుపెట్టలేదా అత్తయ్యా?"

"తాబేలేది?"

కోడలికి వెంటనే అందలేదు. "ఏ తాబేలు? ఆ బొమ్మలా? డిజైన్లన్నీ ఉన్నాయి. దగ్గరుండి చూసుకున్నాను, ఒక్కటి కూడా పోలేదు. ఆ బొమ్మలు మీ అబ్బాయి సరదాకి పెట్టినవే కదా?"

"సరదాకా?"

అత్తగారు మొహం తిప్పుకుని తెర మీది ఖాళీ మూలనే చూస్తూ కూర్చుంది. ఆవిడ గట్టిగా నాలుగు తిట్టినా కోడలు ఓర్చుకునేది. ఆ చూపే ఆ అమ్మాయిని రెచ్చగొట్టింది. సంచి బల్ల మీద పెట్టి, ఇన్నాళ్ళూ మింగిందంతా కక్కేసింది. ఫోన్లు తను చేయాలి, మాటలు తను పడాలి, ఉన్న ఒక్క పెద్ద ఆర్డరు జారిపోకుండా తను పట్టుకోవాలి. పోనీ పని నేర్చుకుందామని పక్కకి వస్తే అత్తగారు అంతా మూసేసి లేచిపోతుంది.

"నన్ను ఒక్కసారైనా పక్కన కూర్చోనిచ్చారా? ఇది మీదీ ఆయనదీ, మధ్యలో నేను ఎవరో బయటిదాన్ని. నిజం చెప్పనా? బొమ్మలు పోతాయని మెకానిక్కు ముందే చెప్పాడు. పోతే పోనీ అన్నాను. ఆ ముసుగు మనిషి నా కళ్ళబడకుండా ఒక్క సాయంత్రం గడిస్తే చాలనిపించింది."

అనేశాక తనే బిత్తరపోయి నిలబడింది.

అత్తగారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదమ్మాయ్."

"మరి ఇంతకాలం..."

"వాడు బొమ్మలు వేసిచ్చాడు. వాటిని పట్టుకుని నెట్టుకొచ్చాను. నువ్వు పక్కన కూర్చుంటే తెలిసిపోతుందని లేచిపోయేదాన్ని. లెక్కలు చూసిన పిల్లవి, చులకనవుతానేమోనని." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఈ పని కూడా పోతే, పొద్దుగూకులూ ఈ ఇంట్లో నేను ఏ మూల చూస్తూ కూర్చోనే?"

కోడలు మెకానిక్కుకి ఫోన్ చేసింది. అతను మామూలుగానే చెప్పాడు. కావాలంటే పాత సిస్టమ్ మళ్ళీ ఎక్కిస్తాడట, బొమ్మలు మాత్రం రావు. ఫోన్ చేతిలో పట్టుకునే కోడలు అడిగింది.

"పాతదే పెట్టించమంటారా అత్తయ్యా?"

"ఆసుపత్రి వాళ్ళ ఫైళ్ళు దీంట్లో తెరుచుకుంటున్నాయా?"

"తెరుచుకుంటున్నాయి."

"అయితే ఉండనీ."

ముందు పని చూడాలి. కోడలు మౌసు కదిపి డిజైను తెరిచింది. మధ్యలో ఒకచోట ఆగిపోతే, "పంపే ముందు గుడ్డ ఎటు తిరిగుందో చూసుకో, లేదంటే తలకిందులుగా కుడుతుంది," అంది అత్తగారు. నిజంగానే తిరగేసి ఉంది. సరిచేశాక మిషను కదిలింది. టకటకమనే ఆ చప్పుడు గదిలో నిండాక ఇద్దరికీ ఊపిరి తిరిగినట్టయింది.

అది కుడుతుండగా కోడలు ఒక నల్లగుడ్డ ముక్క, గుర్తులు పెట్టుకునే సుద్ద తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"మీరు గీయండి. ఫోన్‌లో ఫొటో తీసి నేను ఎక్కిస్తాను. ఏది ఎక్కడుండేదో మీరే చెప్పాలి. నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు, చూడలేకపోయాను."

చేతులకి కత్తిరింపు గీతలు అలవాటే గానీ జంతువులు కొత్త. చిలక కుదిరింది. ఏనుగుకి తొండం మరీ పొడుగైంది. తాబేలుని చూసి కోడలు పెదవి బిగబట్టింది.

"ఏమిటే?"

"బోర్లించిన గిన్నెలా ఉంది."

"నాలుగు కాళ్ళున్నాయిగా, నడుస్తుందిలే."

కోడలు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటే చెంప మీద సుద్ద గీత పడింది. అత్తగారు తన కొంగు అంచుతో దాన్ని తుడిచి, "ఆ చిలక పై వరసలో ఉండాలి," అంది.

బ్యాడ్జీలు వేళకే అందాయి. మర్నాటి నుంచి అత్తగారు తన కుర్చీ కాస్త జరిపి పక్కన ఇంకో కుర్చీ వేసింది. సుద్ద చిలక, సుద్ద ఏనుగు, సుద్ద చీమ తమ తమ చోట్లకి చేరాయి. గిన్నెలాంటి తాబేలు నెమ్మదిగానే అయినా డిజైన్లు చేరవేస్తోంది. సాయంత్రం కంప్యూటరు ఆపే పని కోడలిది. నల్లగుడ్డ మీద కింది మూల కొంచెం జాగా మిగిలింది. సుద్ద కూడా అక్కడే ఉంది. పడుకున్న మనిషి బొమ్మ ఇంకా వేయలేదు.