మాస్టారి కారు లేని రెండు రోజులు

"అద్దంలో చూడండి. ఇండికేటర్ వేయండి. క్లచ్ నొక్కండి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

నాలుగు మాటలూ ఒకే గొంతుతో అన్నాడు డ్రైవింగ్ మాస్టారు. మొదటి మూడూ స్టీరింగ్ పట్టుకున్న ఆమె చెప్పినట్టే చేసింది. నాలుగోది చెవిన పడేసరికి రెండు కాళ్ళూ పెడల్స్ మీంచి ఒక్కసారే లేచిపోయాయి. కారు పెద్ద కుదుపు కుదిపి సరిగ్గా సిగ్నల్ దగ్గర ఆగిపోయింది.

వెనక పది హారన్లు.

"కంగారుపడకండి. న్యూట్రల్‌లోకి తెచ్చి మళ్ళీ స్టార్ట్ చేయండి," అన్నాడు మాస్టారు. కంగారుపడకండి అన్న మనిషి ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. అడగాలని అతనూ అనుకోలేదు. పన్నెండు రోజులుగా లోపల తిరుగుతున్న మాట పాఠంతో పాటు బయటికి జారిపోయింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళకి ఏ అక్షరం కనిపిస్తోందో, ఏది కనిపించడంలేదో తేల్చడం ఆమె ఉద్యోగం. ఇంతకాలం పక్క సీట్లో ఇంత పెద్ద అక్షరం కూర్చుని ఉంటే తనకెలా కనిపించలేదని ఆమె నిర్ఘాంతపోయింది. అంతకన్నా నిర్ఘాంతపోవలసిన సంగతి ఇంకొకటుంది. తనకు కోపం రాలేదు.

కారు రోడ్డు పక్కకి తీసి ఆపింది. బయట చలి, లోపల ఇద్దరి ఊపిరి, అద్దాలు మసకబారాయి.

"మీ కాలెక్కడుంది?" అంది.

"కాలా?" మాస్టారు వంగి చూసుకున్నాడు. నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేక్ ఉంటుంది. అతని పాదం దానిమీదే ఉంది.

"మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. ఏదైనా అడ్డం వస్తే నేను చూసేలోపే మీరు నొక్కేస్తారు. రోజుకో గంటంటే సరే, నేర్చుకుంటున్నాను. జన్మంతా పక్కన బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూర్చునే మనిషితో నావల్ల కాదు మాస్టారూ."

"అది నా ఉద్యోగమండీ."

"ఉద్యోగమో, స్వభావమో నాకు తెలియాలిగా." ఆమె స్టీరింగ్ మీద వేళ్ళతో కాసేపు తాళం వేసింది. "వచ్చే శని, ఆదివారాలు మా అమ్మని సిటీకి తీసుకెళ్తానని మాటిచ్చాను. మీరూ రండి. మీ వదినగారిని కూడా తీసుకురండి, అమ్మకి తోడుగా ఉంటారు. ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఎటు నడవాలి, ప్లాన్ అంతా మీరే వేయండి. కానీ కారు ఉండకూడదు. ఆదివారం తిరిగొచ్చేలోగా నా జవాబు చెప్తాను."

"కారు లేకుండానా?" మాస్టారు నిలువునా అదిరిపడ్డాడు. "నేను రైలెక్కి పదకొండేళ్ళయిందండీ!"

"పట్టాలు ఇంకా అక్కడే ఉన్నాయట," అంది ఆమె.

*

గురువారం సాయంత్రం మాస్టారు, వదిన కలిసి ఆమె ఇంటికి వచ్చారు. చిన్న ఇల్లు. భోజనాల బల్ల మీద పూల ప్లాస్టిక్ గుడ్డ, దానిమీద వాళ్ళమ్మ వేయించి పెట్టిన పల్లీలు. మాస్టారు సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి వరసగా పరిచాడు. ఎర్ర సిరా, నీలం సిరా, మధ్యలో బాణం గుర్తులు.

"అబ్బో! ఇది ఊరికెళ్ళడమా, యుద్ధానికెళ్ళడమా?" అంది వాళ్ళమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ.

"మూడు రాత్రులు మా ఆయన్ని కూడా నిద్రపోనివ్వలేదండీ పిన్నిగారూ," అంది వదిన. "'అన్నయ్యా, ట్రామ్ ఎక్కేటప్పుడు ముందు ద్వారమా, వెనక ద్వారమా?' అని అర్ధరాత్రి తలుపు కొడతాడు."

"వదినా!"

"ఉన్నమాటేగా అన్నాను మరిదిగారూ."

వాళ్ళమ్మ ఒక కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. "ఇదేమిటి బాబూ, దారి పొడుగునా చిన్న చిన్న గళ్ళు?"

"బెంచీలండీ. మీకు మోకాలు నొప్పి అని మీ అమ్మాయి ఒకసారి చెప్పారు. కూర్చోవడానికి మొత్తం పదకొండు ఉన్నాయి. ఒకటి విరిగింది, దానికి ఇంటూ పెట్టాను."

వాళ్ళమ్మ కాగితం కింద పెట్టింది. పల్లీల పళ్ళెం అతని వైపు జరిపింది. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు. కూతురు ఓరగా అమ్మని చూసి, తనూ ఒక కాగితం అందుకుంది.

"హోటల్ నుంచి మ్యూజియానికి ఒకటిన్నర కిలోమీటరు, ఇరవై ఎనిమిది నిమిషాలు," అని పైకి చదివింది. ఫోన్‌లో మ్యాప్ తెరిచింది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"మాస్టారూ, మ్యూజియం హోటల్ ఎదురుగానే ఉంది."

"అవునండీ. గదిలోంచి గేటు కూడా కనిపిస్తుంది."

"మరి ఒకటిన్నర కిలోమీటరు ఎందుకు?"

"అది వన్‌వే కదండీ. అటునుంచి ఇటే రావాలి. అందుకని మార్కెట్ చుట్టూ తిరిగి, వంతెన దగ్గర ఎడమకి తిప్పుకుని..."

వదిన నోట్లో వేసుకోబోయిన పల్లీ వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"నడిచేవాళ్ళకి వన్‌వే ఏమిటండీ?" అంది ఆమె మెల్లగా.

మాస్టారు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. కాగితాల మీది బాణాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకున్నాడు. నాలుగు కాగితాల్లోనూ ఒక్క బాణమైనా ట్రాఫిక్‌కి ఎదురెళ్ళలేదు. ఒకచోట నలుగురు మనుషులు యూ టర్న్ కోసం అర కిలోమీటరు వెళ్ళి వస్తున్నారు.

"ఉండండి," అంది ఆమె. ఏదో అనుమానం వచ్చింది. "బెంచీ విరిగిందని మీకెలా తెలుసు?"

"పోయిన ఆదివారం వెళ్ళొచ్చానండీ."

"వెళ్ళి, ఇలాగే నడిచారా? చుట్టూ తిరిగి?"

"రెండుసార్లు." మాస్టారు తల దించుకున్నాడు. "రెండోసారి ట్రాఫిక్ కాస్త తక్కువుంది."

ముందు వదిన నవ్వింది. తర్వాత వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం నవ్వలేకపోయింది. ఈ చలిలో ఒంటరిగా, ఎదురుగా ఉన్న గేటుని వదిలేసి ఊరంతా చుట్టిన మనిషి ఆమె కళ్ళముందు కదిలాడు. పెన్ను తీసి, మొదటి బాణాన్ని అడ్డంగా కొట్టేసింది.

బల్ల కింద ధన్‌మని చప్పుడైంది.

"అబ్బా! నా కాలు!" అని అరిచింది వదిన. "ఎందుకయ్యా తొక్కావ్?"

మాస్టారు ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు. కావాలని చేసింది కాదు. పెన్ను కదలగానే కుడిపాదం దానంతటది నేలని నొక్కేసింది. ఆ సంగతి అతనికి తెలుసు. ఆమెకీ తెలిసిపోయిందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

ఆమె పెన్ను మూత పెట్టేసింది. "సరే. శనివారం పొద్దున ఏడింటికి స్టేషన్‌లో కలుద్దాం," అంది.

*

శనివారం హోటల్ నుంచి మ్యూజియానికి నలభై సెకన్లలో చేరారు. మాస్టారు నమ్మలేనట్టు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ట్రామ్‌లో డ్రైవర్ వెనకాలే నిలబడి అతని చేతులు చూస్తూ మురిసిపోయాడు. వాళ్ళమ్మ ఏడు బెంచీల మీద కూర్చుని, విరిగినదాన్ని కూడా వెతికి చూసి "నిజమే సుమా" అంది. అందరూ సంతోషంగానే ఉన్నారు. జవాబు గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

ఆదివారం మూడున్నరకి స్టేషన్ చేరారు. రైలు అయిదూ ఇరవైకి.

"మేమిద్దరం ఇక్కడే వెచ్చగా కూర్చుంటాం. నాకు కాళ్ళు లాగుతున్నాయి. మీరు అలా తిరిగి రండి," అంది వాళ్ళమ్మ. కాళ్ళు లాగుతున్న మనిషిలా లేదు.

"నది వైపు వెళ్దాం," అంది ఆమె బయటికి రాగానే. "నేను తీసుకెళ్తాను."

"అలాగేనండీ."

సన్నగా వాన మొదలైంది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. చెరో భుజమూ తడుస్తోంది. గుండీలు మాత్రమే అమ్మే షాపు దాటారు, వేడి రొట్టెల వాసన వస్తున్న బేకరీ దాటారు. ఆమె మాట్లాడుతూనే ఉంది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిసారి తన చేతుల మీది ముడతలు చూసుకుని ఏడ్చిన పెద్దాయన గురించి చెప్పింది. "అంత స్పష్టంగా ఎందుకు చేశావమ్మా, అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు."

"ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు. పక్కన కూర్చున్నాను."

ఆ తర్వాత ఇద్దరూ చాలాదూరం నడిచారు. నది రాలేదు. ఇళ్ళు తగ్గిపోయి గోడౌన్లు వచ్చాయి. ఒక గోడమీది గడియారం దగ్గర ఆమె గబుక్కున ఆగిపోయింది.

"అయిదూ పదా!" గొడుగు చేతిలో ఊగింది. "స్టేషన్ ఎటు?"

"వెనక్కండీ. నాలుగు కిలోమీటర్లు."

"నది?"

"అటువైపు. మనం బేకరీ దగ్గర కుడికి తిరగాల్సింది."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "అంటే, దారి తప్పామని బేకరీ దగ్గరే మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

మాస్టారు ముఖం మీద వాన తుడుచుకున్నాడు. "మీరు నడుపుతున్నారు కదండీ," అన్నాడు.

ఆమె వచ్చిన దారి వైపు చూసింది. బేకరీ నుంచి ఇక్కడిదాకా, ముప్పావుగంటసేపు, ఈ మనిషి ప్రతి అడుగుకీ తన కాలిని తనే పట్టి ఆపుకున్నాడన్నమాట. మరుక్షణం కోపం తన్నుకొచ్చింది.

"బ్రేక్ వేయద్దన్నాను గానీ నోరు మూసుకోమన్నానా? రైలు పోతోంది! పక్కన మనిషున్నది ఎందుకు? 'ఇటు కాదేమో' అని ఒక్క ముక్క అంటే నేనేమైనా కొరుకుతానా?"

"అంటే... అనొచ్చా?"

"అనాలి! అని, ఆ తర్వాత నేను ఎటు వెళ్తే అటు రావాలి."

"ఓహో." మాస్టారు ఎంతో శ్రద్ధగా తల ఊపాడు. కొత్త పాఠం మొదటిసారి అర్థమైన విద్యార్థిలా ఉన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే సంచిలోంచి ఫోన్ తీసింది. అమ్మ మూడుసార్లు చేసింది. తిరిగి చేసేసరికి ఒక్క రింగుకే ఎత్తింది.

"అమ్మా, దారి తప్పాం. తప్పు నాదే. రైలు అందుకోలేం, మీరు కంగారుపడి..."

"కంగారెందుకే? మేం ఎక్కేశాం. కిటికీ సీటు. ఏడుంబావుకి ఇంకో రైలుంది, ఆ అబ్బాయి రాసిచ్చాడు. మెల్లగా రండి."

ఆమె గుడ్లప్పగించింది. చీకటి పడేవేళకి ఇంట్లో లేకపోతే వీధి చివరిదాకా వచ్చి నిలబడే అమ్మ, కూతుర్ని ఊరుకాని ఊళ్ళో ఇతని పక్కన వదిలేసి, కిటికీ సీట్లో కూర్చుందా? ఫోన్ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"ఏమన్నారండీ?" అన్నాడు మాస్టారు భయంభయంగా.

"మెల్లగా రమ్మన్నారు." ఆమె అతని వైపు తిరిగింది. "సరేనండీ."

"దేనికి సరే?"

"మీరు సిగ్నల్ దగ్గర అడిగినదానికి."

మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశాడు. చీలమండ దాకా నీళ్ళగుంటలోకి దిగిపోయాడు. దిగిన సంగతి అతనికి తెలియలేదు.

"నన్నా? పెళ్ళా? నిజంగానా? మళ్ళీ ఒకసారి అనండి."

"మిమ్మల్నే పెళ్ళి చేసుకుంటానంటున్నాను. బయటికి రండి ముందు, బూటు నిండా నీళ్ళు."

అప్పుడు ఆమె చేతిలోని ఫోన్‌లోంచి, కొంగు వెనకాల ఆపుకున్న నవ్వుతో, అమ్మ గొంతు వినిపించింది.

"ఏమే, ఫోన్ పెట్టేయడం మర్చిపోయావు."

ఇద్దరూ శిలల్లా నిలబడిపోయారు.

"స్పీకర్‌లో ఉందమ్మాయ్!" అంది వదిన గొంతు. ఆ గొంతు వెనకాల ఎవరెవరో చప్పట్లు కొడుతున్నారు. "రైలు పెట్టె పెట్టంతా విన్నది. ఇక్కడ మాకు అందరూ శుభాకాంక్షలు చెప్తున్నారు. మరిదిగారూ, ఆ వచ్చే రైలైనా ఎక్కండి, పెళ్ళికొడుకు లేకుండా మేం ఏం మాట్లాడుకోవాలి?"