తాళం వేసిన ఇంట్లో డాక్టరమ్మ

బంగారు గనుల ఊరు మారికుప్పంలో బెంగళూరు రైలు కదిలిన కాసేపటికి నారాయణమ్మ ఇంటికి బయటినుంచి తాళం వేసి, గడప ముందు కూర్చుని రాగులు చెరగసాగింది. లోపల కూతురు దాక్షాయణి చదువుకుంటోంది. నెల రోజులుగా ఇదే పద్ధతి.

దాక్షాయణి ఎంబీబీఎస్ ముగించింది. కాన్పుల డాక్టరు కావాలంటే పీజీ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు రావాలి. పోయిన ఏడు పరీక్షకు ముందు వారమంతా గని కార్మికుల లైన్ ఇళ్ళవాళ్ళు జ్వరమనీ, కాలు బెణికిందనీ వచ్చి కూర్చున్నారు. గైనిక్ సీటు కొద్దిలో తప్పింది. ఈసారి పరీక్షకు తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఎనిమిది గంటలకు పక్క లైన్ పిల్లమ్మ, ఎనిమిదో నెల కోడలిని నడిపించుకుంటూ వచ్చింది.

“అక్కా, డాక్టరమ్మ ఉండాదా?”

“లేదు, కోలారుకు పోయింది. తాళం కనపడలేదా?”

“నిన్నా కోలారే, మొన్నా కోలారే. యాడన్నా సంసారం పెట్టినాదా?”

“నీ నోరు పడ! లైబ్రరీలో చదువుకుంటాది. పది దినాలు పోయినాక రాపో.”

“రాత్రినుంచి దీనికి తలకాయ పగిలిపోతా ఉండాదంట.”

“ఈ ఎండకు ఎవరికి నొయ్యదు? కాఫీ తాగి పడుకోమను.”

“కండ్లు మసకలు కమ్ముతుండాయి, పెద్దమ్మా,” అంది కోడలు మెల్లగా.

ఆ ఇళ్ళ గోడలు తడికలకు మట్టి మెత్తినవి. మాట ఆగదు. దాక్షాయణి పుస్తకం మీదినుంచి తలెత్తింది.

“అమ్మా, తాళం తియ్యి!”

పిల్లమ్మ తాళం వైపు చూసింది.

“కోలారు శానా దగ్గరే ఉండాదే, అక్కా,” అంది పిల్లమ్మ.

నారాయణమ్మ తాళం తీయలేదు. తలుపు వైపు తిరిగింది. “తొమ్మిది దినాలు, దాక్షా. ఈ పొద్దు నువ్వు బయటికొస్తే రేపు లైనంతా వస్తాది. ఇంగో ఏడు పోగొట్టుకుంటావా?”

“ఆమె కాళ్ళు వాచినాయేమో చూడు.”

నారాయణమ్మ చూసింది. మెట్టెలు కండలోకి దిగిపోయి ఉన్నాయి.

“వాచినాయి,” అంది.

“బీపీ పెరిగి ఫిట్స్ వస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. తియ్యమ్మా!”

తాళంచెవి కొంగు ముడిలో ఉంది. నారాయణమ్మ ముడి విప్పి తలుపు తీసింది.

దాక్షాయణి చూస్తే కోడలి బీపీ నూట డెబ్బై ఉంది. వెంటనే ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. మధ్యాహ్నం ఆపరేషన్ చేసి ఆడపిల్లను బయటికి తీశారు. ఇద్దరూ బతికారు.

సాయంత్రం ఇల్లు చేరిన కూతురికి నారాయణమ్మ రాగి ముద్ద పెట్టి ఎదురుగా కూర్చుంది.

“నేను పొమ్మన్నాను. వాళ్ళు పోయుంటే?”

“ఇంటికి చేరేలోపలే ఫిట్స్ వచ్చుండేవేమో,” అంది దాక్షాయణి. దాచి చెప్పడం ఆమెకు చేతకాలేదు.

నారాయణమ్మ కొంగుతో కళ్ళు అద్దుకుంది.

“నీ బుక్కులో ఇట్లాంటివి ఇంగా ఏమేమి ఉండాయి? నాకు నేర్పు. నువ్వు లోపల చదువుకో. వచ్చినోళ్ళను నేను అడుగుతాను. అవి ఉంటేనే నిన్ను పిలుస్తాను.”

దాక్షాయణి ఒక్కొక్కటే చెప్పింది. తల్లి వేళ్ళు ముడుస్తూ అప్పజెప్పింది. తలనొప్పి, కంటి మసక, కాళ్ళ వాపు, నెత్తురు పోవడం. అక్కడ ఆగిపోయింది.

“బిడ్డ కదలకపోవడం మరిచినావు.”

“ఇంగోసారి మొదటినుంచి చెప్పు. నిదానంగా చెప్పు తల్లీ, నేను నీ మాదిరి చదివినదాన్ని కాదు,” అంది నారాయణమ్మ.